అప్పగింతల వేళ బ్యాండు అన్నం తింటుంది

మైదుకూరు శ్రీనివాసులు మాస్టరు బ్యాండులో నేను తాళాలు కొట్టేవాణ్ణి. నవ్వకండి. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాడెవడు? పైగా తాళాలు కొట్టేవాడికి ఒక సుఖముంది. ఒక దెబ్బ కొట్టి మూడు దెబ్బల సేపు ఊరికే నిలబడాలి. ఆ ఊరికే నిలబడ్డప్పుడు నేను ఎదుటివాడి వాయింపు వినేవాణ్ణి. తక్కిన పదిమందీ ఎవరి ఊదుడులో వాళ్ళుండేవాళ్ళు. అందుకే క్లారినెట్టు దావీదురాజు గురించి చెప్పే హక్కు మా బ్యాండు మొత్తంలో నాకొక్కడికే ఉందని నా నమ్మకం. కాదనేవాళ్ళు వాళ్ళ కథ వాళ్ళు రాసుకోవచ్చు.

దావీదురాజుది మైదుకూరుకు నాలుగు మైళ్ళ అవతల ఒక పల్లె. తండ్రి గాబ్రియేలుకు రెండెకరాల మెట్ట చేను, ఒక ఎద్దు. రెండో ఎద్దు పక్కింటివాళ్ళది. తాత డప్పు కొట్టేవాడు. ఆయన బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఆ డప్పును అటక మీద పెట్టమని పాదిరిగారు చెప్పారట. డప్పును అటక మీద పెట్టారు గాని దరువును ఎక్కడ పెట్టాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇక తల్లి విశ్వాసమ్మ చెనిక్కాయ చేలో కలుపు తీస్తూ పాడేది. చర్చి పాటైనా, పెళ్ళి పాటైనా ప్రతి చరణం చివర స్వరాన్ని కిందికి జార్చేది. అది నేల మీద పడేలోగా మళ్ళీ పట్టుకునేది. ఆ జారుడు వింటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. దావీదురాజు దాన్ని చనుబాలతో తాగాడు. పాపం, తాగినందుకు చాలా కష్టపడ్డాడు.

పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చి మాస్టరు గుమ్మం ముందు నిలబడ్డాడు. మాస్టరు రిజర్వు పోలీసు బ్యాండులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చినవాడు. మీసం, వెన్ను, మాట అన్నీ నిటారుగా ఉండేవి. కుర్రవాడి కులం చెప్పబోయిన పెద్దమనిషిని ఆయన మధ్యలోనే ఆపేశాడు.

"బ్యాండులో కులం లేదప్పా, శ్రుతి ఉండాది. శ్రుతి లేనోడే నాకు అంటరానోడు," అన్నాడు.

ఈ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితాంతం దండం పెడతాను. కానీ మనిషి మంచివాడైతే మొండివాడు కాకూడదని ఎక్కడైనా ఉందా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆయన పట్టిన కుందేలు ఏమిటంటే, బ్యాండులో స్వరం జారకూడదు.

"స్వరమంటే మెట్టు. మెట్టు మింద కాలు పెట్టి ఎక్కాల, కాలు పెట్టి దిగాల. జారితే నడుము ఇరుగుతాది," అనేవాడు.

"సన్నాయోళ్ళు జారుస్తారు కద మాస్టరూ?" అని నేను అడిగాను ఒకసారి.

"సన్నాయోళ్ళకు చెల్లుతాది. వాళ్ళు కూసోని వాయిస్తారు. మనం నడుస్తా వాయిస్తాం," అన్నాడు. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

దావీదురాజు "సరే మాస్టరూ" అనేవాడు. రెండు పాటలు గీత గీసినట్టు వాయించేవాడు. మూడో పాటలో జారేది. కుక్కతోక వంకర అంటారే, అదే. బనగానపల్లెలో ఒక మామిడితోటల ఆసామి ఇంట పెళ్ళి ఊరేగింపులో మరీ దారుణంగా జారింది. ముందు నడుస్తున్న ఆడవాళ్ళు నిలబడిపోయారు. "ఇంగొకసారి వాయించప్పా" అని ఒక ముసలామె బ్యాండుకు అడ్డం వచ్చింది. వెనక బండి వచ్చి మా పెద్ద డ్రమ్ముకు తగిలింది. మాస్టరు ఎర్రకోటులో ఎర్రగా ఉడికిపోయాడు.

మా బ్యాండులో వాయిద్యాలన్నీ మాస్టరువే. పెళ్ళి కాగానే తుడిచి ఆయన ముందుగదిలో కొయ్యలకు తగిలించి ఇళ్ళకు పోవాలి. ఆ రోజు దావీదురాజు క్లారినెట్టు తగిలిస్తుంటే మాస్టరు అందరి ముందూ అన్నాడు:

"దావీదూ, ఇదే కడాకు చెప్తాండా. ఇంకొక్కసారి జార్చినావంటే దీన్ని కొయ్యకు తగిలిచ్చి చెనిక్కాయ చేనికి పో. మళ్ళా ఈ గడప తొక్కద్దు."

దారిలో దావీదురాజు నా పక్కకు వచ్చాడు. "కంబన్నా, నేను కావాలని జార్చనప్పా. నిటారుగా వాయిస్తే ఇంకెవరో వాయిస్తాన్నట్లుంటాది. కానీ ఆ క్లారినెట్టు చేతిలో లేకుంటే నేను ఉత్త మనిషిని," అన్నాడు. ఆరడుగుల మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మాస్టరు మీద పట్టరాని కోపం వచ్చింది.

తర్వాతి వారం మహానందిలో పెళ్ళి ముగించుకొని పగటి బస్సులో వస్తున్నాం. మైదుకూరు చేరేసరికి రాహేలమ్మకు నొప్పులు వచ్చాయనీ, మిషను ఆసుపత్రికి తీసుకుపోయారనీ కబురు తెలిసింది. రాహేలమ్మ దావీదురాజు భార్య. తొలి కాన్పు. ఇతను క్లారినెట్టు చేతిలో ఉన్న సంగతి కూడా మరిచి ఆసుపత్రికి పరుగెత్తాడు. వెనక నేను తాళాలతో పరుగెత్తాను. పరుగెత్తితే తాళాలు ఊరుకుంటాయా? వీధి వీధంతా ఏదో ఊరేగింపు వస్తోందని బయటికొచ్చి చూసింది.

మిట్టమధ్యాహ్నం ఆయా వచ్చి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ చెప్పింది. దావీదురాజు ఆనందం పట్టలేక అక్కడే, ఆసుపత్రి ఆవరణలోనే క్లారినెట్టు అందుకున్నాడు. ఏం వాయించాడనుకున్నారు? వాళ్ళమ్మ పాడే అప్పగింతల పాట! పుట్టి పావుగంట కాని పిల్లను అత్తవారింటికి పంపేస్తున్నాడు పిచ్చివాడు. పాట అదే గాని నడక మాత్రం గంతులు వేసే నడక. ప్రతి చరణం చివరా జారుడే జారుడు.

ఆయా నోరు మూయమని చేతులు ఊపుతూ వచ్చింది. ఆమె వెనకే డాక్టరమ్మ వచ్చింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నిలపద్దు," అంది ఆమె. "వాయించు నాయనా. మొదట్నించి వాయించు."

ఆమె పేరు మిర్యామ్. మేం మిర్యామమ్మ అనేవాళ్ళం. యుద్ధానికి ముందు, హిట్లరు మనుషుల బారి నుంచి తప్పించుకొని ఐరోపా నుంచి వచ్చిన యూదుల ఆడకూతురు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకోలేదు, కాన్పుల గదిలో నేర్చుకుంది. అందుకని తెల్లటి ముఖంతో అచ్చంగా మా ఆడవాళ్ళ లాగే మాట్లాడేది, వాళ్ళ లాగే తిట్టేది.

పాట పూర్తయ్యేదాకా ఆమె కదలలేదు. తర్వాత రాహేలమ్మ మంచం దగ్గర కూర్చొని మాకు సంగతి చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పెళ్ళిళ్ళకు వాయించే మేళగాళ్ళను క్లెజ్మర్ అంటారట. ఫిడేలు, క్లారినెట్టు వాళ్ళ ముఖ్య వాయిద్యాలు. ఆ క్లారినెట్టు ఇలాగే జారేదట, ఒకే ఊపిరిలో ఏడ్చి నవ్వేదట.

"యూదులంటే దావీదు మహారాజు వాళ్ళే కదామ్మా? ఆయన మీకేమవుతాడు?" అని రాహేలమ్మ పడుకొనే చేతులు జోడించింది. బైబిల్లోంచి మనిషి దిగివచ్చి తనకు పురుడు పోసిందని ఆమె సంబరం.

మిర్యామమ్మ పకపకా నవ్వింది. "మా నాయన గోదుములు అమ్ముతాన్న్యాడు, రాజు కాదు. కానీ మీ పల్లెకొస్తే మా ఊరికి పోయినట్లే ఉంటాది నాకు. ఈడా గాబ్రియేలు, ఆడా గాబ్రియేలు. ఈడా రాహేలు, ఆడా రాహేలు. మా ఊరి క్లారినెట్టాయన పేరు కూడా దావీదే."

"ఆయన ఇప్పుడు యాడుండాడమ్మా?" అని దావీదురాజు అడిగాడు.

"లేడు నాయనా. ఆ ఊరే లేదు," అంది. పసిపిల్ల కాలివేళ్ళు నిమిరింది. "కానీ ఆ పాట ఉండాది. ఆదివారం మా ఇంటికి రాండి, వినిపిస్తా. మీ మాస్టరును కూడా తీసుకోని రాండి."

డాక్టరమ్మ పిలిచింది కాబట్టి మాస్టరు ఇస్త్రీ కోటు వేసుకొని వచ్చాడు. లేకపోతే దావీదురాజు వెంట వచ్చే మనిషి కాదు. ఆమె తమ్ముడు వరసవాడొకడు అమెరికా నుంచి పాత గ్రామఫోను ప్లేటు ఒకటి పంపాడు. ప్లేటు పెట్టే ముందు ఆమె దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పింది. ఆ మేళగాళ్ళలో చాలామంది బతుకు తెరువుకు ఓడలెక్కి అమెరికా పోయారు. అక్కడ నల్లవాళ్ళు కనిపెట్టిన జాజ్ అనే సంగీతం ఉంది. అది ముదిరి, ఇరవైమంది కలిసి వాయించే నాట్యపు బ్యాండు అయింది. దాన్ని స్వింగ్ అంటారు. మేళగాళ్ళ పిల్లలు కొందరు ఆ బ్యాండుల్లో చేరారు. నల్లవాళ్ళ దగ్గర దరువు నేర్చుకున్నారు, ఇంట్లో విన్న పెళ్ళి జారుడును తమ వెంట తెచ్చారు.

మాస్టరు అంతా విని, "ఊఁ," అన్నాడు.

ప్లేటు తిరిగింది. ముందు పెద్ద బ్యాండు, బూట్లు తుడుచుకున్నట్టు శుభ్రంగా వాయించారు. మాస్టరు ముఖం వెలిగింది. ఉన్నట్టుండి మధ్యలో క్లారినెట్టు ముందుకొచ్చింది. కిందినుంచి పైకి జారింది, పైన వెక్కింది, వెక్కుతూ నవ్వింది. దావీదురాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"స్ప్రింగు వదులైంది," అన్నాడు మాస్టరు. "చాబీ సరిగా తిప్పల్యా. అందుకే స్వరం జారిపోతాంది."

మిర్యామమ్మ నిండా చాబీ తిప్పి మళ్ళీ పెట్టింది. అదే చోట అలాగే జారింది.

"ప్లేటు ఎండకు వంగింది. మన కడప ఎండలకు ఇనుమే వంగుతాది."

ఆమె ప్లేటు తీసి బల్ల మీద పరిచి చూపింది. ఎక్కడా వంపు లేదు. మూడోసారి పెట్టింది. మూడోసారీ జారింది.

"ఆ బ్యాండుకు మాస్టరు లేడు," అని తేల్చేశాడు మాస్టరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

డాక్టరమ్మకు కోపం రాలేదు. "మీ పెండ్లిండ్లలో అప్పగింతలప్పుడు బ్యాండు ఏం వాయిస్తాది మాస్టరూ?" అని అడిగింది.

"ఏం వాయించదు. అప్పుడు బ్యాండు అన్నం తింటాది," అన్నాడు మాస్టరు.

నిజమే. మా వైపు ఆ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. తలంబ్రాలతో సన్నాయి పని అయిపోతుంది, ఊరేగింపుతో మా పని అయిపోతుంది. అప్పగింతలు ఆడవాళ్ళ వ్యవహారం. వాళ్ళు పాడుతూ ఏడుస్తుంటే మేం పందిరి వెనక ఆకులు వేసుకొని కూర్చుంటాం. ఏడుపులు వినబడితే "ఇంగ పప్పు వస్తాది" అనుకునేవాళ్ళం. అందులో ఏదో లోటు ఉందని మాకెవరికీ తోచలేదు.

"మా ఊర్లో మేళగాని పెద్ద పని అదే," అంది మిర్యామమ్మ. "పెండ్లికూతురును కూసోబెట్టి, క్లారినెట్టుతో ఏడిపించాల. ఆమె గుండెలో భారం దిగిపోయేదంకా ఏడిపించాల. అది దిగినంక ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, అందర్నీ లేపి ఎగిరించాల. ఏడిపించలేనోడు ఎగిరించలేడని మా నాయన అంటాన్న్యాడు."

"మీ పెండ్లిండ్లు మీవి తల్లీ. మాకు ఏడ్చేకి ఆడోళ్ళుండారు," అని మాస్టరు దండం పెట్టి లేచాడు. గేటు దాటగానే దావీదురాజు వైపు వేలు చూపించి, "నా మాట గురుతు పెట్టుకో," అన్నాడు.

దావీదురాజుకు ఆ వేలు కనిపించినట్టే లేదు. "కంబన్నా, మా యమ్మ అమెరికాకు ఎప్పుడు పోయొచ్చిందప్పా?" అన్నాడు. ఇద్దరం రోడ్డు మీద నిలబడి కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. నిజానికి నేనూ ఒకటి పట్టుకున్నాను. ఆ ప్లేటులో తాళాలవాడు నేను కొట్టే చోట కొట్టడం లేదు. నేను ఊరికే నిలబడే చోట కొడుతున్నాడు. అంతకాలం నేను ఖాళీగా వదిలేసిన చోటే అసలు మజా ఉందన్నమాట.

ఆ తర్వాత ఆరు నెలలు దావీదురాజు నిటారుగా వాయించాడు. తప్పు పట్టడానికి లేదు. మాస్టరు మెచ్చుకున్నాడు. నాకు మాత్రం ఉప్పు లేని పప్పు తింటున్నట్టుండేది. ఇంట్లో పాపను ఆడిస్తూ నోటితో జార్చుకొనేవాడట. రాహేలమ్మ చెప్పింది.

వైశాఖంలో మాస్టరు కూతురు నాగలక్ష్మమ్మ పెళ్ళి వచ్చింది. పిల్లకు ఆరేళ్ళప్పుడే తల్లి పోయింది. జడ వేయడం దగ్గరనుంచి మాస్టరే పెంచాడు. ఆ జడ కూడా నిటారుగానే ఉండేది. పెళ్ళికొడుకుది కడప. పెళ్ళికి మేమే వాయించాం, దావీదురాజు ఒక్క స్వరం తప్పలేదు. తలంబ్రాలు, ఊరేగింపు అయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి మేం పందిరి వెనక ఆకుల ముందు కూర్చున్నాం. కడపవాళ్ళ బస్సు వీధిలో హారను కొడుతోంది.

అప్పగింతలు మొదలయ్యాయి గాని పాట వినబడలేదు. ఏమైందా అని పందిట్లోకి తొంగి చూశాం. మా వీధిలో అప్పగింతలు పాడేది భీమమ్మవ్వ. మూడు రోజులుగా నలుగు పాటలనీ, పూబంతులాట పాటలనీ పాడి పాడి అవ్వ గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది. తక్కిన ఆడవాళ్ళు నువ్వంటే నువ్వని ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. తల్లి లేని పిల్ల, పాట లేని అప్పగింతలు. నాగలక్ష్మమ్మ చేతులు పాలలో ముంచి మాస్టరు పట్టుకున్నాడు. వాటిని అత్తగారి చేతుల్లో పెట్టి రెండు మాటలు చెప్పాలి. ఆయన నోరు రాలేదు. కవాతులో నిలబడ్డట్టు నిలబడిపోయాడు. పిల్ల కూడా తండ్రిలాగే బిగుసుకుపోయింది. కంట చుక్క లేదు. పాలు మోచేతుల మీదుగా కారుతున్నాయి. 

దావీదురాజు సగం అన్నంలో లేచాడు. చెయ్యి కడుక్కొని క్లారినెట్టు అందుకున్నాడు.

నేను అతని పంచె పట్టుకున్నాను. "యాడికి పోతాండావు? నిటారుగా వాయిస్తావా?"

"ఆ పాట జారకుండా రాదు కంబన్నా."

"జారిందంటే నీకు ఇంగ ఇది ఉండదు. మాస్టరు మాట తప్పేటోడు కాదు."

"తెలుసులే," అన్నాడు. పంచె విడిపించుకున్నాడు. ఆ క్షణంలో నాకు అతని మీద కోపం, ప్రేమ రెండూ సమానంగా వచ్చాయి.

పందిట్లోకి పోయి, మాస్టరుకు నాలుగడుగుల దూరంలో నిలబడి మొదలుపెట్టాడు. 'పాలు పట్టిన చేతులే పంపేటి చేతులాయె' అని వాళ్ళమ్మ పాడే పాట. మొదటి చరణం చివర స్వరం కిందికి జారింది. రిహార్సల్లో ఆపేటప్పుడు ఎత్తినట్టే మాస్టరు చెయ్యి పైకి లేచింది. నేను ముద్ద ఆకులోనే వదిలేసి లేచాను. లేచిన చెయ్యి గాలిలో కాసేపు ఆగింది. తర్వాత మెల్లగా దిగి కూతురు తల మీద వాలింది.

నాగలక్ష్మమ్మ "నాయనా" అని బావురుమంది. దాంతో పందిరంతా కరిగిపోయింది. భీమమ్మవ్వ గొంతు లేని నోటితో పాట మొత్తం పెదవులు కదిపింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు. అత్తగారు ఏడ్చింది, కడప నుంచి వచ్చిన బస్సు డ్రైవరు ఏడ్చాడు. ఇరవై ఎనిమిదేళ్ళు పోలీసు బ్యాండులో ఉన్న మా మాస్టరు పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఏడుస్తూనే చెప్పాల్సిన రెండు మాటలూ చెప్పాడు. అత్తగారి చేతుల్లో చేతులు పెట్టాడు.

ఇక దావీదురాజు ఒక్క నిమిషం ఆగలేదు. అదే పాటను పుట్టిన బిడ్డ కోసం ఆ రోజు వాయించిన గంతుల నడకలోకి తిప్పేశాడు. నేను ఎంగిలి చేత్తోనే తాళాలు పట్టుకొని ఉరికాను. ప్లేటులోవాడు కొట్టిన చోట, అంతకాలం నేను ఊరికే నిలబడిన చోట కొట్టాను. పెద్ద డ్రమ్ము ఈరప్ప ముందు తడబడ్డాడు, తర్వాత పళ్ళికిలించి కలిశాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూనే నవ్వారు. పెళ్ళికి వచ్చిన మిర్యామమ్మ తన చేతిగుడ్డ ఒక కొస రాహేలమ్మకిచ్చి, రెండో కొస తాను పట్టుకొని తిరిగింది. ఆమె అంతగా నవ్వడం మేమెవరం అంతకుముందు చూడలేదు. నాగలక్ష్మమ్మ కూడా బస్సు కిటికీలోంచి చెంపల మీద తడితోనే నవ్వుతూ చప్పట్లు కొట్టింది. వీధి మలుపు తిరిగేదాకా ఆ చప్పట్లు కనబడ్డాయి.

ఆ తర్వాత మైదుకూరు చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో బ్యాండు ఆలస్యంగా అన్నం తినడం మొదలైంది. "అప్పగింతలకు దావీదు ఉంటాడా?" అని అడిగాకే ముహూర్తం పెట్టుకున్న ఇళ్ళున్నాయి. కానీ ఆ సాయంత్రం అదంతా మాకేం తెలుసు? మాకు తెలిసిందల్లా మాస్టరు ఆరు నెలల కిందట అన్న మాట.

పందిరి ఖాళీ అయ్యాక అందరం ముందుగదిలోకి పోయాం. వాయిద్యాలు తుడిచి కొయ్యలకు తగిలించాం. దావీదురాజు క్లారినెట్టును అన్నిటికన్నా ఎక్కువసేపు తుడిచాడు. ఒక్కొక్క మీట తుడిచాడు. తుడిచి కొయ్యకు తగిలించబోతుంటే మాస్టరు వచ్చి అతని చేతిలోంచి తీసుకున్నాడు. 

మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. మీసం పక్కకు తోసి క్లారినెట్టు నోట్లో పెట్టుకున్నాడు. అదే పాట మొదటి చరణం ఎత్తుకున్నాడు. చరణం చివర జార్చబోయాడు. స్వరం మెట్టు దిగింది, రెండో మెట్టు దిగింది, జారలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి దూడ అరిచినట్టొచ్చింది. ఈరప్ప నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. మూడోసారి వేళ్ళు వదిలి, పెదవులు వదిలి, కళ్ళు మూసుకొని ఊదాడు. రాలేదు.

నోటినుంచి తీసి, తన తువ్వాలుతోనే తుడిచి, దావీదురాజు చేతికిచ్చాడు.

"నాకు రాల్యాదప్పా," అన్నాడు. "ఇంటికి తీసుకోనిపో. నీ దగ్గరే పెట్టుకో."